ప్రోటాన్ సిరామిక్ ఫ్యూయల్ సెల్స్ పరిశోధన: మీ నంబరు నిలబడాలంటే

ప్రోటాన్ కండక్టింగ్ సిరామిక్ ఫ్యూయల్ సెల్స్ ప్రాజెక్టులో చేరినవాళ్లని అందరూ అడిగేది ఒక్క నంబరే. 500 డిగ్రీల దగ్గర, లేదా 600 డిగ్రీల దగ్గర, చదరపు సెంటీమీటరుకి ఎన్ని మిల్లీవాట్లు వచ్చాయి? గైడ్ అడుగుతారు, రివ్యూయర్ అడుగుతారు, రేపు పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు. ఈ ఒత్తిడి ఎక్కడికీ పోదు. ఫెలోషిప్‌కి గడువుంది, ఫర్నేస్‌కి క్యూ ఉంది, పేపర్ లేకుండా సినాప్సిస్ కదలదు. ఇవన్నీ ఉంటాయనుకునే పని మొదలుపెట్టాలి. అయితే ఆ నంబరు వచ్చిన రోజు మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: దీన్ని నేనే మళ్లీ తీయగలనా? నా ల్యాబ్ నోట్‌బుక్ చూసి ఇంకొకరు తీయగలరా? తీయలేకపోతే పేపర్ అచ్చయినా మీ చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. ఆ నంబరు ఎక్కడెక్కడ తప్పుతుందో, ఎలా కాపాడుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాం

మామూలు సాలిడ్ ఆక్సైడ్ సెల్‌లో ఆక్సిజన్ అయాన్ కదులుతుంది. దానికి సాధారణంగా 700 నుంచి 850 డిగ్రీల వేడి కావాలి. ప్రోటాన్ అంతకంటే తేలిగ్గా కదులుతుంది కాబట్టి 400 నుంచి 600 డిగ్రీల మధ్యే పని నడిపించొచ్చు. పైగా నీళ్లు గాలి వైపు తయారవుతాయి, ఇంధనం వైపు హైడ్రోజన్ పలచబడదు.

1981లో జపాన్‌లో ఇవహారా బృందం స్ట్రాన్షియం సీరేట్‌లో ప్రోటాన్ కండక్షన్ చూపించింది. ఆ తర్వాత పని బేరియం సీరేట్, బేరియం జిర్కొనేట్ చుట్టూ తిరిగింది. సీరేట్‌కి కండక్టివిటీ బాగుంటుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ తగిలితే బేరియం కార్బొనేట్‌గా, సీరియం ఆక్సైడ్‌గా విడిపోతుంది. ఆవిరికీ తట్టుకోదు. జిర్కొనేట్ ఆ రెండింటికీ నిలబడుతుంది, కానీ 1600 డిగ్రీలు దాటితే గానీ సరిగ్గా సింటర్ కాదు. అయినా గ్రెయిన్ బౌండరీల దగ్గర రెసిస్టెన్స్ ఎక్కువే. మనం వాడే ఎలక్ట్రోలైట్లు చాలావరకు ఈ రెండింటి మధ్య కుదుర్చుకున్న రాజీలు. 2009లో జార్జియా టెక్‌లో మైలిన్ లియూ బృందం ఇచ్చిన బీజెడ్‌సీవైవైబీ కూడా అలాంటిదే. అందులో సీరియం, జిర్కోనియంతో పాటు యిట్రియం, యిట్టర్బియం కలిపారు.

2015లో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో ర్యాన్ ఓహేర్ బృందం హైడ్రోజన్‌తో 500 డిగ్రీల దగ్గర 455 మిల్లీవాట్లు చూపించింది. 2018లో నార్త్‌వెస్టర్న్‌లో సోసినా హైలే బృందం అదే ఉష్ణోగ్రతలో 500 మిల్లీవాట్లు దాటింది. ఆ పనిలో కీలకమైన అడుగుల్లో ఒకటి క్యాథోడ్‌కీ ఎలక్ట్రోలైట్‌కీ మధ్య అదే క్యాథోడ్ మెటీరియల్‌ని పలచటి దట్టమైన పొరగా వేయడం. 2022లో ఐడహో నేషనల్ లేబొరేటరీ పరిశోధకులున్న బృందం క్యాథోడ్ వేసే ముందు కాల్చిన ఎలక్ట్రోలైట్ ఉపరితలాన్ని యాసిడ్‌తో కడిగి పనితీరు పెంచింది. గమనించండి, ఈ చివరి రెండు చోట్లా లాభం వచ్చింది ఇంటర్‌ఫేస్ నుంచి. కొత్త కాంపోజిషన్ కనిపెట్టడం ఒక్కటే పరిశోధన అనుకుని నాలుగేళ్లు డోపెంట్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి.

సమస్య ఎంచుకునే ముందు కాగితం మీద లెక్క

మీ సెల్‌లో రెసిస్టెన్స్ ఎక్కడుందో తెలియకుండా పని మొదలుపెట్టొద్దు. ఒక కేసు చూద్దాం. ఎలక్ట్రోలైట్ మందం 20 మైక్రాన్లు, కండక్టివిటీ సెంటీమీటరుకి 0.01 సీమెన్స్. అప్పుడు ఎలక్ట్రోలైట్ రెసిస్టెన్స్ 0.2 ఓమ్ చదరపు సెంటీమీటర్లు. క్యాథోడ్ పోలరైజేషన్ 0.5 అనుకోండి. మొత్తం 0.7. ఓసీవీ, అంటే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, 1 వోల్ట్ అయితే గరిష్ఠ పవర్ సుమారు 357 మిల్లీవాట్లు.

ఇప్పుడు ఆర్నెల్లు కష్టపడి ఎలక్ట్రోలైట్ మందాన్ని సగానికి తగ్గించారు. మొత్తం 0.6 అవుతుంది, పవర్ 417కి వస్తుంది. అదే కష్టం క్యాథోడ్ మీద పెట్టి పోలరైజేషన్‌ని సగం చేస్తే మొత్తం 0.45, పవర్ 556 దగ్గరికి వెళుతుంది. రెండింటికీ మీరు ఖర్చుపెట్టిన కాలం ఒక్కటే. ఏది ముందు చేయాలో ఈ నాలుగు లైన్ల లెక్క చెబుతుంది.

ఇదే లెక్క ఇంకో ప్రమాదాన్నీ చూపిస్తుంది. పలచటి ఎలక్ట్రోలైట్ చేయడం కుదరక ఒక మిల్లీమీటరు మందం పెల్లెట్ మీదే క్యాథోడ్లు పోల్చేవాళ్లున్నారు. ఆ పెల్లెట్ రెసిస్టెన్సే 10 ఓమ్ చదరపు సెంటీమీటర్లు. క్యాథోడ్‌లో 0.5కీ 0.25కీ తేడా అందులో కొట్టుకుపోతుంది. పవర్ కర్వ్‌లో ఏమీ కనిపించదు, మంచి క్యాథోడ్‌ని పనికిరాదని పక్కన పెట్టేస్తారు. పలచటి సెల్ చేతికి వచ్చేదాకా క్యాథోడ్లని సిమెట్రిక్ సెల్ మీద ఇంపీడెన్స్‌తో పోల్చుకోండి.

పౌడర్ దగ్గరే సగం తప్పులు

బేరియం లెక్క తప్పితే మిగతాదంతా తప్పుతుంది. 20 గ్రాముల బీజెడ్‌సీవైవైబీ కావాలంటే సుమారు 12.45 గ్రాముల బేరియం కార్బొనేట్ తూయాలి. అందులో ఒక్క శాతం అంటే 0.12 గ్రాములు. ఆ మాత్రం పౌడర్ బటర్ పేపర్‌కీ స్పాచులాకీ అంటుకుని ఉండిపోవచ్చు, లేదా తేమ బరువుగా లెక్కలోకి వచ్చేయవచ్చు. అందుకే ఆక్సైడ్లనీ కార్బొనేట్‌నీ ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, అప్పుడు తూయండి. నైట్రేట్లతో చేసే పద్ధతిలో ఇంకో చిక్కుంది. జిర్కోనైల్ నైట్రేట్ లాంటి వాటిలో ఎన్ని నీటి అణువులున్నాయో సీసా మీద కచ్చితంగా ఉండదు. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ కొంచెం కాల్చి, మిగిలిన ఆక్సైడ్ ఎంతో చూసుకుని, ఆ లెక్కతోనే తూయాలి.

సింటరింగ్‌లో బేరియం ఆవిరైపోతుంది. పెల్లెట్‌ని అదే కాంపోజిషన్ పౌడర్‌లో పూడ్చి, మూత పెట్టి కాల్చడం అందుకే. అల్యూమినా క్రూసిబుల్ మీద నేరుగా పెడితే బేరియం అల్యూమినాతో కలిసిపోతుంది, పెల్లెట్ అడుగున అతుక్కుని ఊడదు. ఊడదీసినా అడుగు భాగం కాంపోజిషన్ మారిపోయి ఉంటుంది. కాల్చిన పెల్లెట్‌ని రెండువైపులా పాలిష్ చేసి, రెండువైపులా ఎక్స్‌ఆర్‌డీ తీయండి. పైన శుభ్రంగా, కింద మురికిగా కనిపిస్తే కారణం అక్కడే ఉంది.

సింటరింగ్ ఉష్ణోగ్రత తగ్గించడానికి ఒకటి రెండు శాతం నికెల్ ఆక్సైడ్ కలపడం ఇప్పుడు మామూలైంది. పని సులువవుతుంది, కానీ ఉచితంగా కాదు. మిగిలిపోయిన నికెల్ ప్రోటాన్ల సంఖ్యనీ కదలికనీ దెబ్బతీయవచ్చు. ఇంకో సంగతి. మీరు నికెల్ కలపకపోయినా, యానోడ్‌తో కలిపి కాల్చేటప్పుడు అక్కడి నికెల్ ఎలక్ట్రోలైట్‌లోకి చేరుతుంది. పెల్లెట్ మీద కొలిచిన కండక్టివిటీ సెల్‌లో ఎందుకు కనిపించడం లేదని తల పట్టుకునే స్కాలర్లు ముందు చూడాల్సింది ఇదే.

సీరియం ఎక్కువున్న పెల్లెట్లని బల్ల మీద వదిలేయకండి. వర్షాకాలంలో తేమ గాలికి కొన్ని వారాలుంటే అంచులు పొడిగా రాలడం మొదలవుతుంది. గట్టిగా కనిపించే పెల్లెట్ కూడా లోపల కార్బొనేట్ పట్టి ఉండొచ్చు. డెసికేటర్‌లో పెట్టి, తేదీ రాసి, పాతవాటితో కొత్త కొలతలు తీయకండి.

రెడక్షన్ రోజు

సెల్ బతికేదీ చచ్చేదీ ఎక్కువగా ఈ రోజే తేలుతుంది. యానోడ్‌లో నికెల్ ఆక్సైడ్ నికెల్‌గా మారేటప్పుడు దాని పరిమాణం తగ్గుతుంది. తొందరపడి ఒక్కసారిగా హైడ్రోజన్ వదిలితే పలచటి ఎలక్ట్రోలైట్‌లో పగుళ్లు వస్తాయి. నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్‌తో మొదలుపెట్టి, 10, 20, 50 అంటూ మెట్లుమెట్లుగా పెంచండి. ఓసీవీ నెమ్మదిగా ఎక్కుతూ ఒక చోట నిలబడాలి. ఎక్కి, మళ్లీ జారి, ఊగుతూ ఉంటే లీక్ ఉన్నట్టే. అప్పుడు పవర్ కర్వ్ తీసి లాభం లేదు.

ఓసీవీ ఎంత రావాలో ముందే లెక్కేసుకోండి. 600 డిగ్రీల దగ్గర, హైడ్రోజన్‌లో 3 శాతం తేమ, గాలిలోనూ 3 శాతం తేమ ఉంటే సిద్ధాంతం చెప్పేది సుమారు 1.13 వోల్టులు. మీకు 1.05 వచ్చిందంటే ఆ తేడాకి కారణాలు రెండు. ఒకటి సీల్ దగ్గరో, ఎలక్ట్రోలైట్ పగుళ్లలోనో లీక్. రెండోది ఎలక్ట్రోలైట్‌లోనే ఎలక్ట్రానిక్ లీకేజ్. ఈ ఆక్సైడ్లు వేడి గాలి వైపు కొంత హోల్ కండక్షన్ చూపిస్తాయి, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. గ్యాస్ ఫ్లో మార్చితే ఓసీవీ బాగా మారుతుంటే ముందు సీల్‌ని అనుమానించండి. ఫ్లో మార్చినా కదలకుండా, ఉష్ణోగ్రత తగ్గిస్తే లెక్కకి దగ్గరవుతుంటే మెటీరియల్‌ని అనుమానించండి.

పరీక్ష అయ్యాక సెల్‌ని పారేయొద్దు. విరిచి చూడండి. నికెల్ ఆక్సైడ్ ఆకుపచ్చగా ఉంటుంది, రెడ్యూస్ అయిన యానోడ్ బూడిద రంగులో ఉంటుంది. మధ్యలో ఆకుపచ్చ మచ్చ మిగిలిందంటే రెడక్షన్ పూర్తికాలేదు, ఆరోజు డేటా అంతా అనుమానమే. విరిగిన అంచుని ఎస్‌ఈఎం కింద పెడితే ఎలక్ట్రోలైట్ మందం, రంధ్రాలు, క్యాథోడ్ అతుక్కుని ఉందో లేచిపోయిందో అన్నీ తెలుస్తాయి. కోబాల్ట్ ఎక్కువున్న క్యాథోడ్లు వేడికి ఎలక్ట్రోలైట్ కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తాయి కాబట్టి అవి లేచిపోవడం అరుదేం కాదు.

కొలతలో మోసపోయే చోట్లు

మొదటిది ఏరియా. క్యాథోడ్ పేస్ట్‌ని 5 మిల్లీమీటర్ల గుండ్రంగా బ్రష్‌తో వేశారు. అది పాకి 6 మిల్లీమీటర్లయింది. అసలు ఏరియా 0.283 చదరపు సెంటీమీటర్లు. మీరు 0.196తో భాగించారు. మీ పవర్ డెన్సిటీ 44 శాతం ఎక్కువ కనిపిస్తుంది. పని ఏమీ మెరుగుపడకుండానే 450 మిల్లీవాట్లు 650 అయిపోతాయి. కాల్చిన తర్వాత, పరీక్షకి ముందు, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. వీలైతే స్క్రీన్ ప్రింటింగ్ వాడండి.

రెండోది ఉష్ణోగ్రత. ఫర్నేస్ డిస్‌ప్లే చూపించేది ఫర్నేస్ ఉష్ణోగ్రత. సెల్ దగ్గర 20 డిగ్రీలు ఎక్కువుంటే, యాక్టివేషన్ ఎనర్జీ 1.2 ఎలక్ట్రాన్ వోల్టులున్న క్యాథోడ్‌కి 600 డిగ్రీల దగ్గర పోలరైజేషన్ రెసిస్టెన్స్ 30 శాతం తగ్గి కనిపిస్తుంది. సెల్‌కి ఒక సెంటీమీటరు లోపు ఇంకో థర్మోకపుల్ పెట్టి, పేపర్‌లో ఆ ఉష్ణోగ్రతే రాయండి.

మూడోది తేమ. రూమ్ టెంపరేచర్ బబ్లర్‌లోంచి గ్యాస్ పంపి 3 శాతం తేమ అని రాయడం అలవాటు. ఆ 3 శాతం 25 డిగ్రీల దగ్గరే నిజం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మే నెలలో ఏసీ ఆగిన ల్యాబ్ 35 డిగ్రీలుంటే అది 5.5 శాతం అవుతుంది. ఈ మెటీరియల్స్‌లో ప్రోటాన్లు వచ్చేదే నీటి ఆవిరి నుంచి కాబట్టి మార్చిలో తీసిన డేటాకీ మేలో తీసిన డేటాకీ పొంతన కుదరదు. బబ్లర్‌ని వాటర్ బాత్‌లో పెట్టి ఉష్ణోగ్రత కట్టడి చేయండి. గ్యాస్ లైన్ చల్లబడి లోపల నీళ్లు కట్టకుండా హీటింగ్ టేప్ చుట్టండి.

నాలుగోది కరెంట్ కలెక్టర్. వెండి పేస్ట్ చవక, అందరూ వాడతారు. కానీ వెండికి ఆక్సిజన్ రియాక్షన్‌లో సొంత చురుకుదనం ఉంది, ఎక్కువ గంటలు నడిపితే కదిలి లోపలికి కూడా పోతుంది. బాగున్నది మీ క్యాథోడా, వెండా అని రివ్యూయర్ అడిగితే జవాబు సిద్ధంగా ఉండాలి. బంగారం వాడిన ఒక్క కంట్రోల్ సెల్ ఆ జవాబు ఇస్తుంది.

ఐదోది కొంచెం లోతైనది. ఎలక్ట్రానిక్ లీకేజ్ ఉన్న సెల్‌లో ఓసీవీ దగ్గర ఇంపీడెన్స్ తీస్తే పోలరైజేషన్ రెసిస్టెన్స్ అసలు ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. లోడ్ పెట్టి కూడా కొలిచి, ఐవీ కర్వ్ వాలుతో సరిపోతోందో లేదో చూడండి. ఎలక్ట్రోలిసిస్ మోడ్‌లో అయితే కరెంట్ చూసి హైడ్రోజన్ ఉత్పత్తి లెక్కేయకండి. లీకయ్యే కరెంట్ హైడ్రోజన్ ఇవ్వదు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో హైడ్రోజన్‌ని కొలిచి, ఫారడే ఎఫిషియన్సీ చెప్పాలి.

గంటల లెక్క, కరెంటు పోయినప్పుడు

100 గంటలు స్థిరంగా ఉందని రాసేముందు ఒక గుణకారం చేయండి. 100 గంటల్లో ఒక శాతం పడిపోయింది అంటే అదే వేగంతో 1,000 గంటలకి 10 శాతం. స్టేషనరీ పవర్‌కి 40,000 గంటల జీవితం అడిగే ఇండస్ట్రీ ముందు ఆ సెల్ నిలబడదు. తక్కువ గంటల డేటా ఉంటే అది తక్కువ గంటల డేటా అనే చెప్పండి. సిలిండర్ గాలితో పాటు కార్బన్ డయాక్సైడ్ ఉన్న మామూలు గాలితోనూ కొంతకాలం నడిపి చూపించండి. స్టాక్ దిశగా వెళ్లేవాళ్లకి ఇంకో జాగ్రత్త. ఈ సెల్స్‌లో ఆవిరి గాలి వైపు వస్తుంది, స్టీల్ ఇంటర్‌కనెక్ట్ నుంచి క్రోమియం ఆవిరయ్యేది కూడా తేమ గాలిలోనే ఎక్కువ. కోటింగ్ లేని స్టీల్‌తో తీసిన లాంగ్ రన్ ఫలితానికి అర్థం చెప్పడం కష్టం.

లాంగ్ రన్‌కి ముందు సేఫ్టీ చూసుకోండి. కరెంటు పోతే హైడ్రోజన్ వాల్వ్ దానంతటదే మూసుకుపోవాలి, నైట్రోజన్ వాల్వ్ దానంతటదే తెరుచుకోవాలి. జనరేటర్ అందుకునేలోపు జరిగే సంగతి ఇది, మనిషి పరుగెత్తి చేసేది కాదు. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే మంట అంటుకోగలదు కాబట్టి డిటెక్టర్ లేకుండా రాత్రిపూట రన్ వదిలి వెళ్లొద్దు. నికెల్ ఆక్సైడ్ పౌడర్ ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ కారకం. తూకం, గ్రైండింగ్ ఫ్యూమ్ హుడ్‌లోనే, సరైన రెస్పిరేటర్‌తో చేయండి. గుడ్డ మాస్క్ చాలదు.

గైడ్‌తో మాట, పేపర్‌తో పని

మూడు సెల్స్‌లో ఒక్కటి 700 మిల్లీవాట్లు ఇచ్చింది, మిగతా రెండు 420, 440 ఇచ్చాయనుకుందాం. ఆ ఒక్కటే పేపర్‌లో పెట్టాలని ఒత్తిడి వస్తుంది. వాదనకి దిగకండి. ఎస్‌ఈఎం ఫోటోలు, ఏరియా కొలతలు చేతిలో పట్టుకుని వెళ్లి ఇలా అనండి: “సార్, ఇదొక్కటే పైకి వచ్చింది. కారణం పట్టుకుంటే పేపర్ ఇంకా బలంగా ఉంటుంది. రెండు వారాలు ఇవ్వండి, అదే పద్ధతిలో ఇంకో మూడు సెల్స్ చేస్తాను.” చాలామంది గైడ్లు రెండు వారాలు ఇస్తారు. కారణం దొరికితే అది 700 కన్నా పెద్ద ఫలితం. దొరకకపోతే సగటు, తేడా రెండూ పేపర్‌లో రాయండి, 700ని అన్నింటిలోకి గరిష్ఠంగా మాత్రమే చెప్పండి.

రికార్డు విషయంలో కచ్చితంగా ఉండండి. ప్రతి సెల్‌కీ ఒక నంబరు. ఆ నంబరు కింద పౌడర్ బ్యాచ్, సీసా లాట్ నంబరు, కాల్చిన తేదీ, ఫర్నేస్ పేరు, ఏరియా ఫోటో, చనిపోయిన సెల్ అయితే చనిపోయిన కారణం. చెడిపోయిన సెల్స్‌ని కూడా లెక్కలో ఉంచండి. పదిలో ఎన్ని బతికాయో చెప్పగలిగినవాళ్ల మాటకి ఇంటర్వ్యూలో విలువుంటుంది. కొనుగోళ్లు కూడా ముందుగానే చూసుకోండి. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి నియంత్రణలు పెట్టిన లోహాల్లో స్కాండియం, యిట్రియం ఉన్నాయి. ఆర్నెల్ల పనికి సరిపడా ఆక్సైడ్ ఒకే లాట్ నుంచి తెప్పించుకుంటే, మధ్యలో లాట్ మారి ఫలితాలు చెదిరే బాధ కూడా తప్పుతుంది.

ఉద్యోగం సంగతి

నిజం చెప్పుకోవాలంటే, ప్రోటాన్ సిరామిక్ సెల్స్ పేరుతోనే నేరుగా దొరికే ఉద్యోగాలు ప్రపంచంలో తక్కువే. మార్కెట్లో ఇప్పటికే అమ్ముడవుతున్న సాలిడ్ ఆక్సైడ్ సెల్స్ ఎక్కువగా ఆక్సిజన్ అయాన్ రకానివి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 19,744 కోట్ల రూపాయలది. అందులో పరిశోధనకి కేటాయించింది 400 కోట్లు. కాబట్టి మెటీరియల్ పేరు మీద కాకుండా నైపుణ్యం మీద కెరీర్ కట్టుకోండి. టేప్ కాస్టింగ్, కో సింటరింగ్, బేరియం సిరామిక్స్‌లో డిఫెక్ట్ కెమిస్ట్రీ వచ్చినవాళ్లకి బేరియం టైటనేట్‌తో చేసే మల్టీలేయర్ కెపాసిటర్ల పరిశ్రమలో చోటుంది. ఇంపీడెన్స్ బాగా వచ్చినవాళ్లు సాలిడ్ స్టేట్ బ్యాటరీల వైపు వెళ్లొచ్చు. హై టెంపరేచర్ టెస్ట్ రిగ్ సొంతంగా కట్టి నడిపిన అనుభవం ఎలక్ట్రోలైజర్ కంపెనీలకి కావాలి. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ, కోల్‌కతాలోని సీజీసీఆర్‌ఐ లాంటి సంస్థల్లో సిరామిక్ ప్రాసెసింగ్ చేతికి తెలిసినవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఈ రంగంలో రికార్డు నంబర్లు తరచూ మారుతుంటాయి, మీది కూడా ఏదో ఒక రోజు పాతబడుతుంది. పదిసార్లు చేస్తే ఎనిమిదిసార్లు పనిచేసే సెల్, దాన్ని ఎలా చేశారో పూర్తిగా రాసిన నోట్‌బుక్, ఈ రెండూ పాతబడవు. మీ తర్వాత ఆ బెంచ్ దగ్గరికి వచ్చే స్కాలర్ మీ నోట్‌బుక్ తెరిచి మొదటి నెలలోనే మీ సెల్‌ని మళ్లీ చేయగలిగేలా రాయండి.